పాటలో పడిన పేరు

ఆ అక్టోబరులో డెల్ఫా రెక్టర్‌కి ఏ పనీ సాగలేదు. ఆపిల్ పళ్ళు తరిగి ఎండబెడదామని వసారాలో కూర్చునేది. నాలుగు పళ్ళు తరగ్గానే కత్తి పడేసి లేచి గేటు దాకా నడిచేది. గేటు దగ్గర చూడ్డానికి ఏమీ ఉండేది కాదు. మళ్ళీ వచ్చి కూర్చునేది. పొయ్యి మీద పెట్టిన చిక్కుడు గింజలు మాడు వాసన కొట్టేదాకా గుర్తుకొచ్చేవి కావు. అరవై రెండేళ్ళ మనిషి, మొగుడు పోయాక పదేళ్ళుగా ఇల్లూ పొలమూ ఒంటిచేత్తో ఈదుకొచ్చిన మనిషి, మూడు నిమిషాల పాటకి భయపడి రేడియో ప్లగ్గు పీకేసింది.

ఇంట్లో ప్లగ్గు పీకేస్తే లోకం ఊరుకుంటుందా? ఆ శుక్రవారం పొద్దున ఉప్పు కోసం లూడీ గెంట్రీ కొట్టుకి వెళ్ళింది. కొట్టూ పోస్టాఫీసూ ఒకటే గది. లూడీయే కొట్టు యజమానురాలు, ఉత్తరాలకి అధికారి, డాగెట్ లోయలో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో చెప్పే వార్తాపత్రిక కూడా.

"రా అత్తా, సమయానికొచ్చావు, నీ పాటే వస్తోంది!" అంది లూడీ రేడియో గొంతు పెంచుతూ. "మూడో వారం కూడా దేశం మొత్తానికి ఒకటో నంబరేనట. జుట్టుకి నూనె పూసుకుని నడుములు తిప్పే పాటగాళ్ళందర్నీ మన పాట కిందికి నెట్టేసింది. ఎక్కడి న్యూయార్కు, ఎక్కడి మనం!"

రేడియోలో ముగ్గురు కాలేజీ కుర్రాళ్ళు ఒకే గొంతై పాడుతున్నారు. 'పరుగెత్తు ఆర్విల్ కేసీ, పరుగెత్తు' అంటూ బాంజో వాయిస్తూ, మధ్యలో చప్పట్లు కొడుతూ. హంతకుణ్ణి తరమడం వాళ్ళకి పిక్నిక్కులా ఉంది. ఈ పరుగెత్తడం, ఈ చప్పట్లు డెల్ఫా పాటలో లేవు. నాయనమ్మ మోకాళ్ళకి మోకాళ్ళు ఆనించి కూర్చుని నేర్చుకున్న పద్దెనిమిది చరణాల పాట అది. వాయిద్యం లేకుండా, కళ్ళు మూసుకుని, పాడేవాళ్ళ మొహంలో ఏమీ కనిపించకుండా పాడాలి. కుర్రాళ్ళు అయిదు చరణాలు ఉంచుకుని మిగతావి పారేశారు. ఉంచుకున్న అయిదింట్లో పేరున్న చరణం ఉంది. అదే ఆమె ప్రాణానికొచ్చింది.

"రేపు పన్నెండింటికి బడిలో, గుర్తుందిగా?" అంది లూడీ. "ఆష్‌విల్ పట్నం నుంచి రేడియో వాళ్ళొస్తున్నారు. నువ్వు పాడుతుంటే పాడుతున్నట్టే గాలిలోకి వదులుతారట. నోట్లోంచి ఊడిపడిన మాట వెనక్కి రాదు." అని కాసేపు కౌంటరు గుడ్డతో తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. "రికార్డులో ఎలా ఉందో అలాగే పాడతావుగా, అత్తా?"

నవ్వుతూ అడిగిన మాట కాదది. డెల్ఫా ఉప్పు సంగతి మరిచిపోయి బయటికొచ్చేసింది.

మిల్లు కాలువ దగ్గర మేరీ అనే పిల్లని చంపి, ఉరికంబం ఎక్కినవాడు అబ్నర్ గెంట్రీ. డెబ్భై ఏళ్ళ కిందటి మాట. లూడీకి సొంత తాత. పాట ఆ ఏడాదే పుట్టింది, పేరుతో సహా పుట్టింది, లోయలో అందరికీ వచ్చు. కానీ లోయకి ఒక మర్యాద ఉంది. పాటలో ఉన్న మనిషి సొంతవాళ్ళు వింటూ ఉంటే ఆ పేరు పాడరు. అప్పటికి నోటికొచ్చిన వేరే పేరు పెట్టి, నడక తప్పకుండా దాటేస్తారు. విన్నవాళ్ళూ విననట్టే ఊరుకుంటారు. పాట అయ్యాక ఆ పెట్టుడు పేరు గాల్లో కలిసిపోతుంది. ఎవరి మనసూ నొచ్చుకోదు.

గాల్లో కలిసిపోయేదే. కానీ మూడేళ్ళ కిందట పాటలు ఏరుకోవడానికొచ్చిన ప్రొఫెసరు గాలిని పట్టుకునే యంత్రం వెంట తెచ్చాడు. ఆయన్ని డెల్ఫా ఇంటికి తీసుకొచ్చింది లూడీయే. తెచ్చి వెళ్ళిపోయిందా అంటే లేదు, వసారాలో పక్క కుర్చీలో మజ్జిగ గ్లాసుతో బైఠాయించింది. డెల్ఫా కళ్ళు మూసుకుని పదో చరణం దాకా వచ్చింది.

మిల్లు కాలువ గట్టు మీద
మేరీ చెయ్యి పట్టినాడు
పట్టినోడి పేరేమంటే...

అక్కడ కళ్ళు తెరిచింది. పొలం అవతల ఆర్విల్ కేసీ తేనెపెట్టె భుజాన పెట్టుకుని, ఎడమ కాలు ఈడ్చుకుంటూ పోతున్నాడు. ఆ పేరు పాటలో సరిగ్గా కూర్చుంది. పెట్టేసింది. ప్రొఫెసరుకి అది అసలు పేరు కాదని చెప్పాలంటే అసలు పేరేమిటో చెప్పాలి. చెప్పాలంటే పక్కన మజ్జిగ తాగుతున్న మనిషి మొహం ఏం కావాలి? ఊరుకుంది. టేపు ఏదో పెద్ద గ్రంథాలయంలో చేరింది, అక్కడ ఆ ముగ్గురు కుర్రాళ్ళ చెవిన పడింది.

ఆర్విల్ ఒంటరివాడు, డెల్ఫాతోపాటు ఒకే బడిలో చదివినవాడు. తేనెటీగ కుట్టినా దాన్ని విదిలించేవాడు కాదు, మెల్లగా ఊదేవాడు. ఇప్పుడు పొరుగు రాష్ట్రాల కార్లు అతని గేటు ముందు ఆగుతున్నాయి. "హంతకుడి ఇల్లు ఇదేనా?" అని అడిగి, తేనెపెట్టెల పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు. డెబ్భై ఏళ్ళ కిందట ఉరికంబం ఎక్కినవాడు ఇప్పుడు బతికెలా ఉంటాడని ఒక్కడికీ తట్టదు. లోయ పిల్లలకి నిజం తెలుసు, అయినా బడి బస్సులోంచి "పరుగెత్తు ఆర్విల్ కేసీ!" అని అరుస్తారు. దుంగ కింద కాలు నలిగి, పాతికేళ్ళుగా సరిగ్గా నడవలేని మనిషిని చూసి.

చర్చిలో కీర్తన ఎత్తుకునేది అతనే. ముందు అతను ఒక పంక్తి అందిస్తాడు, వెనక అందరూ దాన్ని సాగదీసి పాడతారు. అయిదు ఆదివారాలుగా చర్చికి రావడం లేదు. పాదిరి తనే అందించబోయాడు. రాగం తలా ఓ దారి పట్టి, సగంలో అందరూ దగ్గి ఊరుకున్నారు.

డెల్ఫా కొట్టు దగ్గర్నుంచి ఇంటికి పోలేదు. తిన్నగా ఆర్విల్ దగ్గరికి వెళ్ళింది. అతను తేనెపెట్టెలకి చలికాలపు మూతలు బిగిస్తున్నాడు. తల ఎత్తలేదు.

"కారు చప్పుడు లేదు. అయితే మనవాళ్ళే," అన్నాడు.

"నేను, డెల్ఫాని."

"ఏం, నువ్వూ ఫోటోకే వచ్చావా?"

"ఎత్తిపొడవకు. మాట చెప్పడానికొచ్చా. నీ పేరు పాటలో పెట్టింది నేనే."

"ఇంకెవరు పెడతారు, నా తేనెటీగలా?"

"లూడీ పక్కనే కూర్చుంది, ఆర్విల్. వాళ్ళ తాత పేరు ఎలా పాడేది?"

"పాడకూడదు. పాడుంటే నేనే తిట్టేవాణ్ణి."

"మరి ఈ కార్లవాళ్ళకి 'నేను కాదు' అని ఎందుకు చెప్పవు?"

"నేను కాదంటే మరెవరంటారు. రోడ్డు దిగితే కొట్టు మీద 'గెంట్రీ' అని బోర్డు ఉంది. లూడీ ఏం చేసింది పాపం?"

డెల్ఫా పక్కనున్న మొద్దు మీద కూర్చుంది. కూర్చోలేక లేచింది. అతను మూత బిగించడం అయ్యాక, మొదటిసారి ఆమె వైపు తిరిగాడు.

"ఒక్కటి అడుగుతాను. లోయలో ఇంతమంది ఉన్నారు. నా పేరే ఎందుకు తట్టింది నీకు?"

"ఎదురుగా కనిపించావు... పొలం అవతల..."

"ఆ రోజు నీ పొలంలో బక్‌నర్ అన్నదమ్ములు గడ్డి కోస్తున్నారు. నాకంటే దగ్గర్లోనే ఉన్నారు."

అబద్ధం చెప్పొచ్చు. చెప్పి, రెండు కన్నీటి చుక్కలు రాల్చి ఇంటికి పోవచ్చు. డెల్ఫాకి అది చేతకాలేదు.

"బక్‌నర్ల పేరు పెడితే వాళ్ళ పెళ్ళాలు కొట్లాటకొస్తారు, వాళ్ళమ్మ ఏడుస్తుంది. నీకైతే..."

"నాకైతే?"

"నీకు ఎవరూ లేరు కదా, నొచ్చుకోడానికి. అలా తట్టింది. ఒక్క క్షణంలో తట్టింది."

ఆర్విల్ ఇంకో పెట్టె దగ్గరికి వెళ్ళి మూత సరిచూశాడు. "సరిగ్గానే తట్టింది," అన్నాడు. "రేపు బడికి నేను రాను. నువ్వు హాయిగా పాడుకో."

కోపంగా అన్నా బాగుండేది. ఇంటి దారి పొడుగునా డెల్ఫా తన మీద తనే మండిపడింది. మొగుడి సమాధి దగ్గర కీర్తన అందించింది ఎవరు? గడ్డివాము అంటుకున్న రోజు కుంటికాలితో అందరికంటే ముందు బాల్చీ పట్టుకొచ్చింది ఎవరు? ఆ మనిషికి ఎవరూ లేరని చటుక్కున ఎలా అనుకుంది? అసలు పేరు పాడితే లూడీ బతుకు ఈ కార్లవాళ్ళ పాలవుతుంది. పాడకపోతే ఆర్విల్ చచ్చేదాకా హంతకుడే. ఎటు తిప్పినా ఎవరో ఒకరు పడిపోయే బండి.

శనివారం బడి కిక్కిరిసింది. ముందు బెంచీ పాడేవాళ్ళ ఇంటివాళ్ళకని వదిలేశారు. డెల్ఫాకి ఇంటివాళ్ళు ఎవరున్నారు గనక? లూడీ కొత్త టోపీ పెట్టుకుని, సంచీ పక్కన పెట్టి, ఆ బెంచీలో ఒక్కతే కూర్చుంది. ఆష్‌విల్ నుంచి వచ్చిన రేడియో కుర్రాడు టై సర్దుకుంటూ అటూ ఇటూ తిరిగాడు. రానన్న ఆర్విల్ వచ్చాడు. రాకపోతే దాక్కున్నాడంటారని కాబోలు, టోపీ చేత్తో పట్టుకుని వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. పిల్లలు ఒకరి డొక్కలో ఒకరు మోచేత్తో పొడుచుకున్నారు.

పన్నెండయింది. డెల్ఫా కళ్ళు మూసుకుని ఎత్తుకుంది. మెల్లగా, నాయనమ్మ నేర్పినట్టే. జనం నెమ్మదిగా సద్దుమణిగారు. తొమ్మిది చరణాలయ్యాయి. పదోది.

పట్టినోడి పేరేమంటే...

ఆగిపోయింది. లూడీ టోపీ అంచు కిందికి లాక్కుంది. రేడియోలో మౌనం ఎంతసేపు ఉంటే అంత నష్టం కదా, కుర్రాడు గాభరాగా ముందుకు వంగి సాయం చేశాడు.

"ఆర్విల్ కేసీ, అమ్మా! ఆర్విల్ కేసీ!"

డెల్ఫా కళ్ళు తెరిచింది. "తెలుసు బాబూ. మరిచిపోలేదు. ఆ పేరు ఇక్కడ పాడకూడదు."

"అదేంటండీ, దేశమంతా పాడుతుంటే!"

"దేశానికి తెలీదు. మాకు ఒక మర్యాద ఉంది. పాటలో ఉన్న మనిషి సొంతవాళ్ళు వింటుంటే ఆ పేరు పాడం, వేరే పేరు పెడతాం. ఆ రోజు నేను అలాగే పెట్టాను. ఆర్విల్ కేసీ ఎవర్నీ చంపలేదు. పాట పుట్టేనాటికి ఆయన పుట్టనే లేదు. చేసింది నేను, మాట పడుతున్నది ఆయన."

కుర్రాడికి ఉత్సాహం వచ్చింది. "మరి అసలు హంతకుడు ఎవరు?"

గదిలో ఒక్కరూ లూడీ వైపు చూడలేదు. అంతమంది చూడకపోవడం లూడీకి తెలుస్తూనే ఉంది.

"వాడు చచ్చి డెబ్భై ఏళ్ళు. ఆ పేరూ పాడను, ఎందుకన్నది అడగొద్దు," అంది డెల్ఫా.

"సరే, ఆర్విల్ గారి పేరైనా పాడొచ్చుగా, మీరే చెప్పేశారు కాదని. ఆయన సొంతవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?" అని కుర్రాడు జనం వైపు తిరిగి చూశాడు.

ఎవరూ చెయ్యెత్తలేదు. ఎత్తేవాళ్ళు లేరని లోయలో అందరికీ తెలుసు. ఆర్విల్ నేల చూస్తున్నాడు.

"ఉన్నారు," అంది డెల్ఫా.

"ఎవరండీ?"

"నేనున్నాను."

ఆ మాట వెనక తలుపు దాకా వినపడింది. ఆష్‌విల్ దాకా, ఆ గాలి ఎంత దూరం పోతే అంత దూరమూ వినపడింది. వెనక తలుపు దగ్గర్నుంచి ఆర్విల్ కదిలాడు. బెంచీల మధ్యనుంచి కాలు ఈడ్చుకుంటూ ముందుకొచ్చాడు. ఎంతసేపు పట్టిందో! ఒక్క పిల్లాడూ నోరెత్తలేదు. ఇంటివాళ్ళ బెంచీ దగ్గరికొచ్చి ఆగాడు. కూర్చోవచ్చో లేదో తెలియనట్టు నిలబడ్డాడు.

లూడీ తన సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని పక్కకి జరిగింది.

"కూర్చో బాబాయ్," అంది. "అత్త పాట సగంలో ఉంది."