మొండిదాని ఊడలు

తూకాలమ్మ ఉద్యోగం మొక్కల గొంతు ఎండగట్టడం. జీతమిచ్చి, మెడలో గుర్తింపు కార్డు వేసి మరీ ఎండగట్టిస్తారు. పరిశోధన కేంద్రం వెనక వైపున్న గాజుషెడ్డు ఆవిడ రాజ్యం. పొద్దున్నే ఒక్కో కుండీనీ పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి తూకం మీద కూచోబెడుతుంది. నిన్నటికన్నా ఎంత తగ్గితే అంత నీరు మొక్క తాగి, ఆకుల్లోంచి ఆవిరిగా వదిలేసిందని లెక్క. కరువు కోసం బరువు చూసే మనిషి కాబట్టి ఆ పేరు వచ్చింది. అది ఇంట్లో అత్తగారి చెవిన కూడా పడింది. "లోకంలో మొక్కలన్నీ తూచొస్తుంది మా తూకాలమ్మ, కూరలో ఉప్పు మాత్రం తూచదు" అని పక్కింటావిడతో, కోడలికి వినబడేంత రహస్యంగా చెబుతుంటుంది.

ఆ షెడ్డులో ఒక వేరుశనగ రకం ఉంది. దాని అసలు పేరు రైలుబండి నంబరులా ఉంటుంది కాబట్టి అందరూ దాన్ని "మొండిది" అంటారు. పై అంతస్తు ల్యాబులో కత్తెర తయారుచేసిన మొక్క అది. కత్తెర అంటే మనిషే. వేరే మొక్కలోంచి జన్యువు కత్తిరించి ఇందులో అతికించిన శాస్త్రవేత్త. ఆ పనిలో పడి తన తలకు కత్తెర అవసరం లేకుండా చేసుకున్నాడు. తూకాలమ్మ ఆయన్ని అన్నయ్యా అని పిలుస్తుంది. ఆ చుట్టరికం రక్తంలోది కాదు, టీ ఫ్లాస్కులోది. ఆయన అతికించిన జన్యువు చేసే పని ఒకటే. నేలలో తడి తగ్గుతోందని తెలియగానే మొక్క ఆకుల మీది సన్నటి రంధ్రాలను తొందరగా మూసేసుకుని, ఉన్న నీటిని చూసి చూసి వాడుకుంటుంది. "నెలాఖరు సంసారి మొక్కమ్మా ఇది" అనేవాడు కత్తెర. వచ్చే ఏడు ఆయన రిటైరు. ఉద్యోగమంతా ఆ ఒక్క మొక్కకే ధారపోశాడు.

ఈ కాలం దానికి పరీక్ష పెట్టారు. సగం కుండీలకు నీళ్లు పోశారు, సగానికి మానేశారు. రెండు సగాల్లోనూ మామూలు వేరుశనగా ఉంది, మొండిదీ ఉంది. నీళ్లున్న వైపు రెండూ కాశాయి. నీళ్లు లేని వైపు మామూలుది పూత రాకుండానే తల వేలాడేసింది. మొండిది పచ్చగా నిలబడి, పచ్చగా పూసింది. తీరా కొన్ని పీకి మట్టి దులిపి చూస్తే ఒక్క కాయ లేదు.

"బతుకుతోంది గానీ కాయట్లేదు" అన్నారు కేంద్రం అధిపతి పెద్దసారు, అందరినీ గదిలో కూచోబెట్టి. "నీళ్లు దాచుకునే యావలో పడి కాపు వదిలేసింది. రైతుకి కావలసింది పచ్చటి అలంకారమా?"

"ఇంకొక్క కాలం చూద్దాం సార్" అన్నాడు కత్తెర.

"కాపు లేనిదానికి కాపలా ఎందుకయ్యా? అనుమతి ఈ నెలాఖరు దాకానే. పొడిగించమని పైవాళ్లకి రాయాలంటే నా చేతిలో ఒక్క మంచి మాటైనా ఉండాలిగా?"

కత్తెర నోట్లో మాట ఉంటే కదా, సారు చేతిలో పెట్టడానికి. జన్యువు మార్చిన మొక్క కాబట్టి, అనుమతి తీరిపోయిన రోజున మొక్కలతోపాటు దాచిన విత్తనాలు కూడా కేంద్రం బట్టీలో కాల్చేయాలి. గింజ మిగలకూడదు. నిబంధన అది. మళ్లీ మొదలుపెట్టే వయసు కత్తెరకు లేదు.

"షెడ్డు ఖాళీ చేయించమ్మా" అన్నారు పెద్దసారు తూకాలమ్మతో. "జొన్న ప్రాజెక్టు నీకే ఇస్తున్నా."

మర్నాడు ఆవిడ మిగిలిన మొండి మొక్కలను కోయడానికి షెడ్డులోకి వెళ్లింది. ఇక్కడ కుండీల సంగతి ఒకటి చెప్పాలి. మట్టిలోంచి నీరు నేరుగా ఆవిరైపోతే మొక్క తాగిందెంతో తెలియదు. అందుకని మట్టి పైన ఏదో ఒకటి కప్పుతారు. మామూలుగా అయితే ప్లాస్టిక్ గుళికలు ఒక పొరగా పోస్తారు. ఈసారి గుళికలు నీళ్లు పోసే సగం కుండీలకే సరిపోయాయి. నీళ్లు ఆపేసే కుండీలకు మాత్రం ప్లాస్టిక్ షీటు పరిచి, కాండం చుట్టూ టేపు బిగించమని చెప్పింది తూకాలమ్మే. "ఎలాగూ పూత దాకా బతకవుగా" అంది. అందరూ తలూపారు. కత్తెర కూడా.

వేరుశనగ అని పేరు పెట్టినవాడెవడో గానీ ఒక్క మాటలో రెండు అబద్ధాలు ఇరికించాడు. అది వేరుకి కాయదు, శనగా కాదు. పువ్వు పైనే పూస్తుంది. పువ్వు వాడాక దాని మొదట్లోంచి సన్నటి ఊడ ఒకటి కిందికి దిగి, నేలలో గుచ్చుకుని, ఆ చీకట్లో కాయ అవుతుంది. గుళికల పొర అయితే సందుల్లోంచి దూరిపోతుంది. నేల అందకపోతే మాత్రం ఊడ ఊడగానే ఉండిపోతుంది.

తూకాలమ్మ కొమ్మ పైకెత్తింది. చేతిలో కత్తెర, ఇనుపది, అక్కడే ఆగిపోయింది.

ఆకుల కింద షీటు నిండా ఊడలు. దిగి, ప్లాస్టిక్ తగిలి, జారి, పక్కకు వంగి, ఇంకోచోట మళ్లీ గుచ్చుకోవాలని చూసి, కొసలు నల్లబడి ఎండిపోయాయి. పక్క కుండీలోనూ అంతే. దాని పక్కదాంట్లోనూ. రోజూ ఆ కుండీలను గుండెకానించుకుని ఎత్తిన మనిషి ఆవిడ. కళ్లు మాత్రం తూకం అంకెల మీద ఉండేవి. పీకి చూసినవాళ్లు మట్టిలో కాయలు వెతికారు గానీ చించి పారేసిన షీటు వైపు చూడలేదు. మొండిది కాపు మానుకోలేదు. మొదటి పువ్వు వాడిన రోజు నుంచీ తలుపు తడుతూనే ఉంది. గడియ పెట్టింది వీళ్లు.

"నీళ్లు పోయకుండానే నీరుగార్చేశానే నిన్ను" అంది తూకాలమ్మ. మొక్కతో మాట్లాడటం ఆవిడకు అదే మొదలు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మొగుడు వసారాలో కాలిపోయిన మోటారు విప్పి రాగితీగ చుడుతున్నాడు. బోరు మోటార్ల మెకానిక్కు ఆయన. భూమిలో నీళ్లు దిగిపోతున్నకొద్దీ మోటార్లు ఉత్తగా తిరిగి కాలిపోతాయి. నీళ్లు దిగితే ఆయన సంపాదన ఎక్కుతుంది.

"ఏంటి, మొహం అలా ఉంది? తూకంలో తేడా వచ్చిందా?"

"తూకంలో రాలేదండీ. నాలోనే వచ్చింది" అని సంగతంతా చెప్పింది.

ఆయన తీగ చుట్టడం ఆపలేదు. "చెప్పకపోతే?"

"జొన్న ప్రాజెక్టు నాది."

"చెబితే?"

"తప్పు నాది."

"ఎటు చూసినా ఆస్తి నీదేనన్నమాట."

"మీకు ఎకసెక్కంగా ఉంది. అన్నయ్యకి ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఆయన ఇన్నేళ్ల పనిని నేను టేపు వేసి బిగించానని ఎలా చెప్పను?"

లోపలి నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "తప్పు చేసిన మనిషికి ఆకలి వేయదని ఎక్కడా లేదు. ముందు వచ్చి తినమను దాన్ని!"

మొగుడు నవ్వాడు, కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "ఒకసారి నేను ఒకాయన మోటారు తప్పుగా కలిపి కాల్చేశాను. చేలో పంట నీళ్ల కోసం ఎదురుచూస్తోంది. ఏదైనా మంచి మాట దొరుకుతుందేమోనని దారంతా వెతుక్కుంటూ వెళ్లా. దొరకలేదు. నేనే కాల్చేశానయ్యా అని చెప్పేశా."

"ఆయనేమన్నాడు?"

"ఏమీ అనలేదు. ఇప్పటికీ అదే వినబడుతుంటుంది."

పొద్దున్నే తూకాలమ్మ ఒక కుండీని చంకనెత్తుకుని పై అంతస్తుకి వెళ్లింది. కత్తెర బల్ల మీద పెట్టి, కొమ్మ పైకెత్తి చూపించింది. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, ఊడల కొసలు ఒక్కొక్కటీ వేలితో తాకాడు.

"నేనే అన్నయ్యా. షీటు నేనే కప్పమన్నా."

"అంటే... కాస్తుందన్నమాట!" అన్నాడు ఆయన. పిల్లాడి నవ్వు నవ్వాడు. "కాయడానికే చూసిందమ్మా! గొడ్డుపోలేదు ఇది!"

తిట్టి ఉంటే ఆవిడ తట్టుకునేది. ఆ నవ్వుకు మాత్రం తల ఎత్తలేకపోయింది.

పెద్దసారు అంతా విన్నారు. "పరీక్ష చెడిందని పైకి రాస్తే, చెడింది కదా ఆపేయండి అంటారు. వాళ్లకి కాయ కావాలి, కారణం కాదు. ఒక పని చెయ్. కోయని కుండీలు నెలాఖరు దాకా ఉంచు. షీట్లు పీకెయ్. కొత్తగా దిగే ఊడలు నీళ్లు లేకుండా కాయ కడితే, ఆ కాయ పట్టుకుని నేనే వెళ్లి వాళ్ల గుమ్మంలో కూచుంటా."

"కట్టకపోతే సార్?"

"బట్టీ."

షీట్లు తీసేశారు. కింద దాక్కున్న కాస్త తడిని ఎండ మొదటి పూటే లాగేసుకుంది. మట్టి కుంచించుకుపోయి, ఇటుకై కూచుంది. మొండిది మళ్లీ నాలుగు పూలు పూసింది, మళ్లీ ఊడలు దించింది. ఈసారి నేల అందింది. అందిందే గానీ లోపలికి రానివ్వలేదు. ఊడ కొస మట్టి మీద ఆనుకుని, అక్కడే వంగిపోయేది. తూకాలమ్మ రోజూ తూచడం మానేసి, మోకాళ్ల మీద కూచుని చూసేది.

ఒక మధ్యాహ్నం కత్తెర ఫ్లాస్కు పట్టుకొచ్చాడు. కప్పులు తేలేదు. మూత తీశాడు. లోపల మంచినీళ్లు.

"పైపైన చిలకరించమ్మా. వేళ్లదాకా దిగవు. పైపొర మెత్తబడితే చాలు, ఊడ దూరిపోతుంది."

"చేనంతా ఎవరు చిలకరిస్తారన్నయ్యా? వాన రాని ఏడు కాస్తుందని రాసుకుంటాం. రైతు నమ్మి వేస్తాడు."

"ముందు బతకనీ దాన్ని! తర్వాత సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఎవడు చూస్తాడిక్కడ?"

"నేను చూస్తాను."

"షీటు కప్పినప్పుడు చూడలేదుగా!"

ఆ మాట అన్నాక ఆయనకే నోరు చేదైనట్టుంది. జవాబు కోసం నిలబడలేదు. ఫ్లాస్కు మూత బిగించి, మెట్లెక్కి వెళ్లిపోయాడు. ఆ తర్వాత టీకి పిలవలేదు. ఆవిడా వెళ్లలేదు.

నెలాఖరున పెద్దసారు, కత్తెర, తూకాలమ్మ ముగ్గురూ కుండీలు బోర్లించి మట్టి గడ్డలు పగలగొట్టారు. ఊడలన్నీ పైనే విరిగాయి. ఒక్కటి మాత్రం, కుండీ అంచుకూ మట్టికీ మధ్య విచ్చిన పగుల్లోకి దిగి, చిటికెన వేలి గోరంత ఉబ్బింది. కత్తెర దాన్ని అరచేతిలో పెట్టి పెద్దసారుకి అందించాడు. ఆయన రెండు వేళ్ల మధ్య మెల్లగా నొక్కారు. పప్పు లేదు. నీళ్లొచ్చాయి.

"దీన్ని పట్టుకుని ఎక్కడికి వెళ్లనయ్యా" అన్నారు పెద్దసారు. కోపంగా కాదు, నిజంగా దారి అడుగుతున్నట్టే.

ఒక్క కాయ రుజువు కాదని తూకాలమ్మకూ తెలుసు. ఇంకొకరి మొక్క అయితే ఆ మాట ముందు తనే అనేది. చివరి నివేదికలో తప్పు మొక్కది కాదు, షీటు కప్పిన నాది అని రాసి సంతకం చేసింది. దానివల్ల మొక్కకి మచ్చ పోయింది. మొక్క కూడా పోయింది.

మొక్కలూ, మట్టీ, సీల్ వేసిన విత్తనాల సంచులూ బండి మీద బట్టీ దగ్గరికి చేరాయి. కత్తెర పక్కనే నడిచాడు. "దాహం తీర్చలేకపోయాం గానీ, దహనం మాత్రం శాస్త్రోక్తంగా చేస్తున్నాం" అన్నాడు. ఇన్నాళ్ల తర్వాత ఆయన ఆవిడతో అన్న మొదటి మాట అది. ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు.

విత్తనాలు నూనె గింజలు కదా, భగ్గున అంటుకుని నిమిషాల్లో పోయాయి. మొక్కలు అంటుకోలేదు. బట్టీ మనిషి తలుపు తీసి చూసి, విసుక్కుని, మంట పెంచి, మళ్లీ తీసి చూశాడు. ఆకుల మీద సన్నగా చెమట లాంటిది పట్టి, ఆవిరి తెల్లగా బయటికి వస్తోంది.

"ఏంటమ్మా ఇది! ఎండబెట్టకుండా తెచ్చారు. నిండా నీళ్లున్నాయి. ఇవి కాలాలంటే పొద్దు గూకుతుంది."

"ఎండబెట్టామయ్యా" అంది తూకాలమ్మ. "ఇంతకన్నా ఎండబెట్టడం మాకు చేతకాలేదు."

కత్తెర అక్కడున్న గట్టు మీద కూలబడ్డాడు. కాసేపటికి కొంచెం పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆవిడ కూచుంది. బట్టీ మనిషి మూడోసారి తలుపు తీశాడు. ఇంకా పచ్చగానే ఉన్నాయి.