మహారాణివారి గుటక

మనవరాలికి ఆ ఏడు రెండుసార్లు నిమ్ము చేసింది. తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతోందేమో ఎక్స్‌రే తెర మీద చూసి, ఇక నోటితో తినాలో, పొట్టకు గొట్టం వెయ్యాలో ఈ పూటే తేల్చేస్తానంది డాక్టరమ్మ. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ వచ్చిన ఆరేళ్ల బుల్లి, బెల్టుల కుర్చీలో సింహాసనాధిష్ఠితురాలై ఉంది. పక్కనే ఆస్థాన విదూషకుడు తాతయ్య, ఎక్స్‌రే తగలకుండా తొడిగిన సీసపు కోటు బరువుకు యుద్ధానికి ముందే ఓడిన సేనానిలా వంగి నిలబడ్డాడు.

తెరపై కనబడే మందు కలిపిన బంగాళాదుంప గుజ్జును, మింగడం నేర్పే థెరపిస్టు చెంచాతో అందించింది. బుల్లి పెదవులు బిగించింది.

"తినకపోతే నేనేం చూడను తాతగారూ?" అంది అద్దం వెనక నుంచి డాక్టరమ్మ.

"ఊరికే తెరవదమ్మా. ఇంట్లో ముద్దముద్దకీ నేను ప్రకటన చెయ్యాలి."

"కానివ్వండి. నవ్వించారో, ముద్ద దారి తప్పుతుంది."

తాతయ్య గొంతు సవరించుకున్నాడు. "శ్రీశ్రీశ్రీ బుల్లి మహారాణివారి సముఖానికి బంగాళాదుంప దేశపు రాయబారి వేంచేస్తున్నారహో!"

నోరు తెరుచుకుంది. పక్కకు లాక్కుపోతున్న తలను థెరపిస్టు అరచేత్తో ఆపింది. తెర మీద నల్లని మచ్చ ఒకటి నాలుక దాటి మెల్లగా గొంతు దిశగా పయనమైంది. సరిగ్గా ఇక్కడే ఇంట్లో రెండో వాక్యం పడేది. తాతయ్య దాన్ని పళ్ల మధ్య నొక్కిపట్టాడు. ఏళ్ల తరబడి అలవాటుపడిన నాలుక ఆగలేదు.

"అయ్యో, రాయబారిగారి లాగు జారిపోయిందహో!"

బుల్లి పకపకా నవ్వింది. మచ్చలోంచి ఒక పాయ ఊపిరి దారి వైపు మళ్లింది. పిల్ల ఒళ్లు విల్లులా బిగిసింది; ముఖం కందిపోయింది. తాతయ్యకు పైప్రాణాలు పైనే పోయాయి.

అంతలో పెద్ద దగ్గు. పాయ ఎగిరి వెనక్కొచ్చి, సరైన దారినే దిగిపోయింది.

"నా నోట్లో మన్ను పడ! గొట్టమేనా తల్లీ?"

డాక్టరమ్మ ఆ దృశ్యాన్ని మళ్లీ మళ్లీ నడిపించి చూసింది. "దగ్గి తోసేసింది, మంచిదే. దగ్గకుండానే లోపలికి జారుతోందేమోనని నా భయం. అదే మందు కలిపిన నీళ్లు పట్టి చూద్దాం."

నీళ్లు నిజంగానే దగ్గయినా రాకుండా ఊపిరి దారిలోకి జారాయి. తాతయ్య కళ్లు మూసుకున్నాడు.

"నిమ్ముకు కారణం నీళ్లే," అంది డాక్టరమ్మ చివరికి. "పొడి కలిపి చిక్కగా చేసి పట్టండి. గుజ్జు నోటితోనే తిననివ్వండి. ఇప్పటికి గొట్టం వద్దు. ముద్ద దిగేదాకా మీరు మాత్రం నోరు మెదపకూడదు."

ఏ విదూషకుడూ ఇంత సంతోషంగా నోరు మూసుకుని ఉండడు. అయినా బేరం ఆపలేదు.

"దిగాక?"

"దిగాక మీ ఇష్టం. నా ముందు మాత్రం ఆ లాగు ఊసెత్తకండి. నవ్వాపుకోలేక ఎక్స్‌రే స్విచ్చి మీద నా చెయ్యి వణికింది."