పూనం కడుపులో జావ

చీలిన పైపెదవితో పూనం పుట్టగానే ఊరంతా గ్రహణం మొర్రి అని తేల్చేసింది. గ్రహణం నాడు మబ్బు పట్టి చంద్రుడే కనబడలేదని నానమ్మ ముయె వాదించింది. ఎవరూ వినలేదు; తప్పు కోడలు ఊర్మిలదే అన్నారు. తీర్పు చెప్పినవాళ్లెవరూ పిల్లకు పాలు పట్టడానికి మాత్రం రాలేదు.

పెదవే కాదు, అంగిలీ చీలింది. పిల్ల రొమ్ము పట్టలేకపోయేది, పోసిన పాలు ముక్కులోంచి వచ్చేవి. నిరుడు జగదల్‌పూర్‌లో ఆపరేషన్ల శిబిరం పెట్టినప్పుడు బరువు చాలదని తిప్పి పంపారు. అప్పటినుంచి ముయె పిల్లను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని, ఎండు సొరబుర్రతో చేసిన గరిటెతో బుగ్గ పక్కనుంచి రాగిజావ చుక్కచుక్కగా జార్చేది. మింగేదాకా ఆగి, మళ్లీ జార్చేది. ఈ ఏడు తూకం ఒప్పుకుంది.

శిబిరానికి ఆఖరి రోజు పూనం వంతు. కిరందుల్ గని క్వార్టర్లో సీరియళ్లు చూసి విసిగి, శిబిరంలో డాక్టర్ల మాట తెలుగులో చెప్పడానికి వచ్చిన ఉమామహేశ్వరి ముందురోజే వివరంగా చెప్పింది. మత్తిచ్చినప్పుడు కడుపులో ఏమున్నా పైకొచ్చి ఊపిరితిత్తుల్లో పడుతుంది, ప్రాణం మీదికొస్తుంది, కాబట్టి పొద్దున నీళ్లు కూడా పట్టొద్దు. ఊర్మిల తలూపింది. ముయె ఇంకా గట్టిగా ఊపింది.

పొద్దున ఊర్మిల స్నానానికి వెళ్లగానే పూనం ఏడుపు లంకించుకుంది. ముయె ఇంట్లో మనిషి అడవికి పోయినా, కోర్టుకు పోయినా జావ తాగించే పంపుతారు. ఖాళీ కడుపు వెంట దయ్యం నడుస్తుందని. ఇప్పుడు పిల్ల పోయేది కత్తి కిందికి. డాక్టర్ల మాట పెద్దదే, కానీ ఆ మాట దయ్యం వినలేదు కదా. ముయె గరిటె తీసింది.

పిలుపొచ్చింది. మత్తు డాక్టరు అడిగితే, నీళ్లు కూడా పట్టలేదని ఊర్మిల ధీమాగా చెప్పింది. నర్సు పిల్ల కోసం చేతులు చాపింది. ఆ చేతులు చూశాక ముయెకు దయ్యం కన్నా డాక్టరు మాటంటేనే ఎక్కువ భయమేసింది.

"నేను పట్టిన," అంది.

"ఏంది పట్టినవ్ అత్తా?"

"జావ. ఇందాకనే. ఆకలికి ఏడ్చింది బిడ్డ."

నర్సు చేతులు వెనక్కి తీసుకుంది. కడుపు ఖాళీ అయ్యేసరికి డాక్టర్లు ఊరు దాటిపోతారు. మళ్లీ ఏడాదికే.

"చెప్పి మంచి పని చేశావు పెద్దమ్మా. లేకుంటే పిల్ల దక్కేది కాదు," అంది ఉమామహేశ్వరి. మంచి పని చేసినందుకు బస్టాండు దాకా ఆటో ఎక్కించారు.

ఏడాదికి పిల్లకు మాటలొస్తాయి. అంగిలి మూయకపోతే అవి ముక్కుతోనే వస్తాయట. ఈలోగా వానాకాలం ఒకటుంది. వానల్లో వాళ్ల ఊరికి దారీ ఉండదు, పిల్లల ఒంటికి బరువూ ఉండదు.

ఊరికి తిరిగి పోయే దోర్నపాల్ బస్సులో ఊర్మిల పిల్లను అత్త ఒళ్లో పెట్టి కిటికీ వైపు తిరిగింది. దారిలో పూనం మళ్లీ ఆకలికి ఏడ్చింది. ఊర్మిల కిటికీలోంచి చూస్తూనే గరిటె అత్తకు చాపింది. బస్సు కుదుపులకు సగం జావ ముక్కులోంచి వచ్చేసింది. ముయె కొంగుతో తుడిచి, మళ్లీ జార్చింది.