ఒక్క మాట మారిన పాట

పంకజాక్షి చిత్తూరులో ఒక వకీలు దగ్గర టైపిస్టు. సొంతంగా పాటలు రాసి, బాణీ కట్టి, హార్మోనియం పెట్టుకుని పాడుకునేది. సినిమాల్లో పాడాలనిగానీ పోటీలకు వెళ్ళాలనిగానీ ఆమెకెప్పుడూ అనిపించలేదు. 1999లో తిరుపతిలో ఒక చిన్న రికార్డింగు గదిలో ఆరు పాటలు పాడింది. యాభై క్యాసెట్లు చేయించి తెలిసినవాళ్ళకు ఊరికే పంచిపెట్టింది. కాపీ చేసుకోవచ్చా అని ఎవరైనా అడిగితే, "చేసుకోండి, దాచిపెట్టుకునేదానికా పాట రాసేది?" అనేది.

ఆ ఆరింటిలో ఒకటి చెల్లెలు రేవతి కోసం రాసుకున్నది. రేవతి పందొమ్మిదేళ్ళకే మెదడువాపు జ్వరంతో పోయింది. ఆసుపత్రికి ఎత్తుకుపోయిన రోజు ఆ పిల్ల చెప్పులు వాకిట్లోనే ఉండిపోయాయి.

'వాకిట చెప్పులు విడిచి పోతివే చెల్లీ
ఏ కాళ్ళతో నడిచి పోతివే'

ఇదీ పల్లవి. ఈ పాట ఎప్పుడు పాడినా పంకజాక్షి కళ్ళు మూసుకునేది.

క్యాసెట్లు పంచిన మూడేళ్ళకు ఎండాకాలంలో, వకీలు గుమాస్తా వెంకటముని కూతురి పెండ్లికి పూతలపట్టు వెళ్ళింది. భోజనాలయ్యాక పెండ్లికూతురిని అత్తారింటికి పంపే వేళ, ఆడవాళ్ళు చుట్టూ చేరి చప్పట్లు చరుస్తూ పాట ఎత్తుకున్నారు.

'వాకిట చెప్పులు తొడిగి పోతివే తల్లీ
ఏ ఊరి దారి పట్టి పోతివే'

ఎక్కడో విన్నానే అనుకుంది మొదట. రెండోసారి పల్లవి వచ్చేసరికి గుర్తుపట్టింది. బాణీ తనదే, నడక మాత్రం వేగంగా ఉంది. పెండ్లికూతురు తల్లి భుజం మీద పడి ఏడుస్తోంది. పంకజాక్షికీ కన్నీళ్ళు వచ్చాయి. అవి ఆ పిల్ల కోసమో, రేవతి కోసమో, పోయిన పాట కోసమో ఆమెకు అర్థం కాలేదు.

పాట ముందుండి పాడిన పెద్దావిడ చంద్రకాంతమ్మ. పంకజాక్షి ఆమె దగ్గరికి వెళ్ళింది.

"ఈ పాట యాడ నేర్చుకున్నారమ్మా?"

"ఇది పాత పాట పాపా. మా అమ్మ కాలం నుంచీ ఉండాది."

"మొదట్లో 'విడిచి పోతివే' అని కదా ఉండేది?"

"అట్ల కాదు. పెండ్లిలో చెప్పులు విడిచేదేంది? నీకెవురో తప్పు నేర్పించినారు."

రాసింది నేనే అని చెప్పాలని నోరు తెరిచింది. "అట్లనా" అన్నమాటే బయటికి వచ్చింది.

పక్కనున్న కోడలు నవ్వింది. "పాత పాట యాడిది అత్తా! మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో గుడిపాల సంతోషమ్మ పాడతా ఉంటే నేర్చుకుంటిమి కదా."

ఆదివారం పంకజాక్షి గుడిపాల బస్సెక్కింది. అనవలసిన మాటలన్నీ దారి పొడుగునా కూర్చుకుంది. నలభై ఐదేళ్ళ సంతోషమ్మ ఇంటి అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. పాట సంగతి అడగ్గానే దాచకుండా చెప్పింది.

"ఫ్యాక్టరీ వ్యానులో డ్రైవరు ఆ క్యాసెట్టు పెడతా ఉన్నాడు. నాకు భలే నచ్చింది. నా బిడ్డ కోమలి పెండ్లికి పాడదామంటే, ఇది పోయినోళ్ళ పాట, వద్దని మా వదిన గొడవ పడింది. నాకా రాగం వదలబుద్ధి కాలేదు. 'విడిచి' తీసేసి 'తొడిగి' అనేస్తిని. దారి మాట కూడా నేనే కలిపినాను."

"ఆ పోయింది నా చెల్లెలక్కా. ఆ పాట నేను రాసింది."

సంతోషమ్మ చేతులు ఆగిపోయాయి. పంకజాక్షి ముఖంలోకి చూసింది.

"ఆ గొంతు నీదేనా? నీ చెల్లెలి చావు పాటనా నేను పెండ్లిండ్లలో పాడించేది? ఎంత పని చేస్తిని! మానుకోమంటే ఈ పొద్దే మానుకుంటా పాపా. అందరికీ చెప్తా."

పంకజాక్షి వచ్చింది ఆ మాట కోసమే. తీరా విన్నాక, మానుకోమని అనలేకపోయింది. మానుకుంటే రేవతి పాట ఎవరింట్లోనో క్యాసెట్లలో పడి ఉంటుంది. పాడుతుంటే ఊరూరా తిరుగుతుంది, కానీ అందులో రేవతి ఉండదు. అడిగినవాళ్ళకు పాట ఇచ్చేయాలని నమ్మింది. ఇచ్చాక కూడా అది తనదిగానే ఉంటుందనీ నమ్మింది. ఆ రెండూ ఇలా ఎదురుపడతాయని ఏనాడూ అనుకోలేదు.

"ఒకసారి నీ మాదిరి పాడు, వింటాను," అంది సంతోషమ్మ.

పంకజాక్షి కళ్ళు మూసుకుని మెల్లగా ఎత్తుకుంది. పల్లవి రెండోసారి తిప్పేటప్పుడు, తెలియకుండానే సంతోషమ్మ గొంతు కలిసింది. ఒకరు 'విడిచి' అంటుంటే ఒకరు 'తొడిగి' అన్నారు. ఇద్దరూ ఆగిపోయారు.

"ఇప్పుడు ఏది పాడల్ల?" సంతోషమ్మ అడిగింది.

"నాకూ తెలీడం లేదక్కా."

సంతోషమ్మ లేచి కాఫీ పెట్టింది. రేవతి ఎట్లా ఉండేదని అడిగింది. పంకజాక్షి చెప్పింది. పాడమనిగానీ మానమనిగానీ చెప్పకుండానే సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేసింది.

ఆ ఏడాది ఆ పాట పంకజాక్షికి మరో మూడు పెండ్లిళ్ళలో వినిపించింది. మొదటిచోట మధ్యలోనే లేచి బయటికి వెళ్ళిపోయింది. రెండోచోట అందరితోపాటు చప్పట్లు చరిచింది. ఎందుకు చరిచావని అడిగితే ఏం చెప్పాలో ఆమెకే తెలియదు.

మూడోది యాదమరిలో. అక్కడ ఎవరో ఒక కొత్త చరణం కలిపారు. వెళ్ళిపోయిన పిల్ల అద్దం మీద అంటించి మరిచిపోయిన బొట్టుబిళ్ళ గురించి. రేవతికీ ఆ అలవాటు ఉండేది. ఇంత మంచి మాట తనకెందుకు తట్టలేదా అని, ఇల్లు చేరేదాకా పంకజాక్షి బాధపడుతూనే ఉంది.