అరుంధతి గీసిన ఇల్లు

ఉదయం పదింటికి నగరపాలక రికార్డు గది తలుపు తీయగానే అరుంధతి చేసే మొదటి పని, పాత ఇళ్ళ ప్లాన్లు తిరగెయ్యడం. కలకత్తాలో ఏ ఇల్లు కూలబోతున్నా దాని ప్లాను మీద గీతలు వాటంతటవే ముందే చెరిగిపోతాయి. అలాంటి కాగితం కనబడితే చీటీ రాసి పంపాలి. ఇంజనీర్లు వెళ్ళి ఆ ఇంటికి ప్రమాదం బోర్డు తగిలిస్తారు. ఎప్పట్నించో ఉన్న పద్ధతే. బదిలీ కాగితాల కన్నా ఆ చీటీలే త్వరగా కదులుతాయి.

దుర్గాపూజ సెలవులకు ముందు ఆఖరి రోజు సాయంత్రం, అడుగు కట్టలో ఆమెకు తన ఇల్లే దొరికింది. తాతగారి నాటినుంచీ అద్దెకుంటున్న శోభాబజార్ ఇల్లు. వంటగది గోడ లేదు. మెట్లు సగం లేవు. చూస్తుండగానే వరండా పల్చబడింది.

"చీటీ రాయమ్మా," అన్నాడు పక్క బల్ల దగ్గరి జయదేవ్ దా, ఆఫీసులో అందరికీ పెద్దన్నలాంటివాడు.

"బోర్డు పడితే ఖాళీ చెయ్యాలి దాదా. ఇంటివాడు మళ్ళీ రానిస్తాడా?"

"పోయిన గీతల మీద నువ్వు సిరా మాత్రం పెట్టకు. నువ్వు గీసిందే ఇల్లవుతుంది. తర్వాత గునపానికీ లొంగదు."

ఆమె ఇంటికి ఫోన్ చేసింది. "అమ్మా, వెంటనే బయటికి వచ్చీ."

"ఏటే నీ గోల? మోకాళ్ళ నొప్పితో ఎక్కడికొస్తాను? గదిలో నడుం వాల్చేను," అని శేషమ్మ పెట్టేసింది.

జయదేవ్ దా టీకి వెళ్ళగానే అరుంధతి పెన్ను తీసింది. పుట్టి పెరిగిన ఇల్లు, కళ్ళు మూసుకుని గీయగలదు. మెట్లు, వరండా, వంటగది గీసింది. ప్రతి తలుపు దగ్గరా గీత ఆపి సందు వదిలింది. అమ్మ పడుకునే వెనక గదికొచ్చేసరికి ప్యూను తాళాలు గలగలలాడిస్తూ గుమ్మంలో నిలబడ్డాడు.

"దీదీ, టైమైంది."

నాలుగు గీతలు గబగబా లాగేసి, కాగితం కట్టలో పెట్టేసింది. తాళం పడింది. మళ్ళీ తీసేది దసరా వెళ్ళాక పున్నమికి చేసే లక్ష్మీపూజ అయ్యాకే.

వీధంతా పందిళ్ళు, డోళ్ళ మోత. ఇల్లు నిక్షేపంలా నిలబడి ఉంది. మెట్లకు ఒక్క పగులైనా లేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె భయం లేకుండా పైకెక్కింది. అమ్మ గది గుమ్మానికి వేసిన పాత పూల తెర పక్కకు లాగింది. తెర వెనక, కొస నుంచి కొస దాకా, తెల్లటి గోడ.

లోపల్నుంచి శేషమ్మ గొంతు సన్నగా వినిపించింది.

"వచ్చీసేవా అమ్మా? లైటు పోయినట్టుంది, ఏటీ అగుపడ్డం లేదు. తలుపెవరేసేరే? ఊపిరాడ్డం లేదు, కాస్త తియ్యి."