కుక్కర్ గోనె

నీళ్లు మరుగుతున్నాయి. బుడబుడమని, గుండిగ అంచుదాకా పొంగుతూ, చూసేవాళ్లకి ఏ లోటూ కనిపించకుండా మరుగుతున్నాయి. అందులో బియ్యం పోసి గంటంపావు దాటింది. లోవలక్ష్మి గరిటెతో నాలుగు మెతుకులు తీసి వేళ్ల మధ్య నలిపి చూసింది. పైపైన జావలా జారిపోయింది, లోపల పలుకు మాత్రం అలాగే ఉంది. "నీ దుంపతెగ!" అంది గుండిగని. తిట్టడానికి కూడా ఓపిక చాలక ఆ మాట సగం నోట్లోనే ఉండిపోయింది.

అది తవాంగ్‌లో ఒక లాడ్జి వెనక వరండా. రెండువేల మూడు, అక్టోబరు నెల. ఊరు పదివేల అడుగుల ఎత్తున ఉందని సుమో డ్రైవరు చెప్పాడు. ఆ అడుగులు ఎవరు కొలిచారో గానీ, నాలుగు మెట్లెక్కితే ఊపిరి సగమే అందుతోంది. యాభై ఆరేళ్ల మనిషికి మోకాళ్లు పీకేస్తున్నాయి. చన్నీళ్లలో బియ్యం కడిగి కడిగి వేళ్లు కొయ్యబారిపోయాయి. లోపల ఇరవై నాలుగు మంది యాత్రికులు కంచాలు ముందేసుకుని కూర్చున్నారు. ఈ పూట కూడా వాళ్లకి రొట్టెలూ, పాలే గతి.

యాత్రకి వెళ్తే వంటమనిషిని వెంట తీసుకెళ్లడం మనవాళ్ల అలవాటు. కాశీ అవనీ, పూరీ అవనీ, రామేశ్వరం అవనీ, పొద్దున ఏ దేవుణ్ణి చూసినా మధ్యాహ్నానికి పప్పూ చారూ ఆవకాయా కంచంలో పడాల్సిందే. రాజమండ్రిలో శివరామకృష్ణ టూర్లు నడపడం మొదలుపెట్టి పధ్నాలుగేళ్లయింది. ఆ పధ్నాలుగేళ్లూ వంట లోవలక్ష్మిదే. కడియం చుట్టుపక్కల పెళ్లిళ్లలో వండి వండి చేయి తిరిగిన మనిషి. ఎసరు పెట్టి, బియ్యం పోసి, సరిగ్గా పలుకు విరిగిన క్షణాన మూతకి గుడ్డ కట్టి గుండిగ వంచి గంజి వార్చేస్తే, మెతుకు మెతుకూ విడివిడిగా ఉండేది. ఆ క్షణం తనకి తప్ప ఇంకెవరికీ తెలియదని ఆవిడ గర్వం. కాదనడానికి ఎవరికీ నోరు లేదు, అన్నం అంత బాగుండేది మరి.

ఈసారి తూర్పు హిమాలయాలు, బౌద్ధారామాలు అని కరపత్రం వేయించి, శివరామకృష్ణ ఇరవై రెండు లీటర్ల కుక్కరు ఒకటి కొన్నాడు.

"కొండల మీద గుండిగలో అన్నం ఉడకదంటండి లోవలక్ష్మిగారూ. అక్కడ నీళ్లు తొందరగా మరిగిపోతాయంట గానీ వేడెక్కవంట" అన్నాడు.

"నీళ్లు మరిగాక బియ్యం ఉడక్కపోడమేంటి బాబూ! ఎక్కడన్నా ఉందా?" అని నవ్వేసింది లోవలక్ష్మి. గోదావరి గట్టు కంటే ఎత్తయిన చోట పొయ్యి వెలిగించి ఎరగదు పాపం.

నవ్వింది గానీ, ఆ సాయంత్రమే ఆయన ఫోన్లో ఎవరితోనో, "కుక్కరుంటే అన్నం ఎవరైనా వండేస్తారండి, విజిల్స్ లెక్కపెట్టుకోడమేగా" అనడం చెవిన పడింది. మనసు చివుక్కుమంది. ఎవరైనా వండేస్తే ఇంక తనెందుకు? అల్లుడింట్లో ఓ మూల కూర్చుని కూతురు పెట్టింది తినడానికా? బయల్దేరే రోజు శివరామకృష్ణ గోడౌన్లో సామాను గోనెలన్నీ కుట్టేసి పనివాడు అప్పాజీ టీ తాగడానికి వెళ్లాడు. ఆ పది నిమిషాల్లో ఆవిడ కుక్కరున్న గోనె విప్పింది. కుక్కర్ని గోడౌన్లో విరిగిన కుర్చీల వెనక్కి తోసేసి, దాని చోట చిన్న గుండిగకి పాత చీర చుట్టి పెట్టి, మళ్లీ పురికొసతో మూతి కుట్టేసింది. పీడ విరగడైందనుకుంది.

గౌహతిలో అన్నం మామూలుగానే వచ్చింది. సుమోలు కొండెక్కి బొమ్‌డిలా చేరేసరికి కథ అడ్డం తిరిగింది. ఎంతసేపు ఉడికించినా పలుకు పోలేదు. "ఇంక లాభం లేదు, ఆ కుక్కరు దింపు అప్పాజీ" అన్నాడు శివరామకృష్ణ.

అప్పాజీ అంటే సామాను మోసి, కూరలు తరిగి, గిన్నెలు తోమే మనిషి. నలభై అయిదేళ్లుంటాయి. ఎడమకాలు కాస్త ఈడుస్తాడు, అందుకని ఇంకెక్కడా పని దొరకదు, ఈ యాత్రలే ఆధారం. అతను గోనె తెచ్చి మూతి కోశాడు. చీర విప్పితే గుండిగ బయటపడింది.

"గోనెలు కుట్టింది నువ్వే కదా! కళ్లెక్కడ పెట్టుకుని కుట్టావయ్యా?"

అప్పాజీ కోసిన గోనె మూతిని చేతిలోకి తీసుకుని, ఆ పురికొసని బొటనవేలితో ఒకసారి తడిమాడు. తల దించుకున్నాడు. "ఏమోనండి. పొరపాటైపోయిందండి" అన్నాడు.

"పొరపాటా? పెద్దవాళ్లని ఇంతదూరం తీసుకొచ్చి కడుపులు మాడ్చి పొరపాటంటావా? ఇదే నీకు ఆఖరి ట్రిప్పు. ఊళ్లో దిగాక మళ్లీ నా ఆఫీసు గుమ్మం తొక్కకు."

అప్పుడు లోవలక్ష్మి గరిటె పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. "నేనే" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. మర్నాడు దిరాంగ్‌లో, లోయ కాబట్టి, అన్నం ఓ మాదిరిగా ఉడికింది. ఆయన కోపం చల్లారుతుందిలే, అప్పుడు చెబుదాం అనుకుంది. ఆ మర్నాడు సేలా కనుమ దగ్గర మంచు చూసి అందరూ పిల్లల్లా గంతులేస్తుంటే, ఇంత సంతోషంలో ఇప్పుడెందుకులే అనుకుంది. నోరు మూసుకోడానికి కారణాలు వెతుక్కోవాలా, అవే దొరుకుతాయి! బజార్లలో వాకబు చేస్తే నలుగురికి సరిపోయే బుల్లి కుక్కర్లే కనిపించాయి. అప్పాజీ మాత్రం ఎప్పట్లాగే పనులు చేసుకుంటూ పోతున్నాడు. రాత్రుళ్లు "వేన్నీళ్లు పెట్టానక్కా, కాళ్లు ముంచుకోండి" అని తప్పేలా తెచ్చి ముందు పెడుతున్నాడు. ఆ నీళ్లలో కాళ్లు పెట్టాలంటే ఆవిడకి ప్రాణం చచ్చిపోతోంది.

తవాంగ్‌లో ఈ పూట వార్చిన ఆ సగం ఉడుకు అన్నాన్నే కాస్త మెత్తగా ఎనిపి చిట్టెమ్మ మామ్మగారికి తీసుకెళ్లింది. నరసాపురం మనిషి, డెబ్బై దాటాయి. చిన్నప్పటి నుంచీ లేసు అల్లిన చేయి, సుమోలో కూడా సూదీ దారం వదలదు. బౌద్ధుల గుళ్లు చూడాలని ముచ్చటపడి ఒంటరిగా బయల్దేరిన మనిషి, మూడు రోజులుగా బిస్కట్లతో నెట్టుకొస్తోంది.

ఓ ముద్ద నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలి, కంచం పక్కన పెట్టేసింది. "పళ్లు లేవు కదమ్మా లోవా, పలుకు నలగట్లేదు. నువ్వేం బాధపడకు, పాలు తాగి పడుకుంటాను" అంది. తిట్టినా బాగుండేది. లోవలక్ష్మి కంచం తీసుకుని వరండాలోకి వచ్చేసింది.

మర్నాడు పొద్దున అందరూ పక్క కొండ మీదున్న చిన్న ఆరామానికి బయల్దేరారు. దారి పొడుగునా తాళ్లకి కట్టిన రంగు రంగు గుడ్డజెండాలు గాలికి టపటపా కొట్టుకుంటున్నాయి. వాటి మీద ప్రార్థనలు అచ్చు వేసి ఉంటాయట, గాలి వీచినప్పుడల్లా ఆ ప్రార్థన లోకానికంతా చేరుతుందట. గోడవారన వరసగా రాగి ప్రార్థనా చక్రాలు. చిట్టెమ్మ మామ్మగారు నీరసంగా ఉన్నా ఒక్కటీ వదలకుండా తిప్పుకుంటూ నడిచింది. లోపల వెన్న దీపాల వెలుగులో బుద్ధుడు బంగారంలా మెరుస్తున్నాడు. "మన విష్ణుమూర్తే కదమ్మా, పరాయివాడా!" అని రెండు చేతులూ జోడించింది.

లోవలక్ష్మికి ఆ దీపాల ముందు నిలబడే మొహం లేదు. మోకాళ్ల వంక పెట్టుకుని బయట మెట్ల మీద కూలబడింది. ఎక్కడో కుయ్యిమని విజిల్ వినిపించింది. లేచి వెళ్లి చూస్తే అది ఆరామం వంటిల్లు. పొగచూరి నల్లబడిన గోడలు. మెరూన్ రంగు బట్టల్లో ఓ ముసలి సన్యాసి, పెద్ద పొయ్యి మీద గంగాళమంత కుక్కరు. సన్యాసి ఆవిణ్ణి చూసి నవ్వి, లోపలికి రమ్మని చెయ్యి ఊపాడు.

ఆయన భాష ఆవిడకి రాదు, ఆవిడ భాష ఆయనకి రాదు. ఆవిడ కుక్కర్ని చూపించి, కడుపు మీద చేయి పెట్టుకుని, ఇరవై నాలుగు అని వేళ్లతో చెప్పింది. ఇంతలో సుమో డ్రైవరు వచ్చి ఆయన భాషలో విషయం చెప్పాడు. సన్యాసి వెంటనే, దాందేముంది, మీ బియ్యం తెచ్చుకోండి, పొయ్యి ఖాళీయే అన్నాడట. అప్పాజీ కాలీడ్చుకుంటూ లాడ్జికెళ్లి బియ్యం, కందిపప్పు, చారు సామాను మోసుకొచ్చాడు.

పధ్నాలుగేళ్లలో మొదటిసారి లోవలక్ష్మి విజిల్స్ లెక్కపెట్టింది. మూత తీస్తే అన్నం ముద్దగా, ఒకదానికొకటి అంటుకుపోయి ఉంది. గంజి వార్చే పనే లేదు. ఆవిడ కంటికి అదొక అన్నమే కాదు. వేళ్లతో నలిపి చూసింది. పలుకు లేదు. సన్యాసి మాత్రం ఓ గరిటెడు అన్నం తీసి, అలమర మీదున్న బుద్ధుడి బొమ్మ ముందు చిన్న గిన్నెలో పెట్టి దణ్ణం పెట్టుకున్నాడు. లోవలక్ష్మి ఆ గిన్నె వంక చూసింది. వండిన ప్రతిసారీ మొదటి నాలుగు మెతుకులు పొయ్యిలో వేసి అగ్నిహోత్రుడికి పెట్టడం ఆవిడ అలవాటు. బొమ్‌డిలాలో ఆ గోనె విప్పిన పూట నుంచి వెయ్యలేదు. మరిచిపోయి కాదు, వెయ్యడానికి చేయి రాలేదు.

ఆరామం ముంగిట్లో ఎండలో అందరూ బారుగా కూర్చున్నారు. అన్నంలో చారు పోసుకుని చిట్టెమ్మ మామ్మగారు రెండుసార్లు మారు వడ్డించుకుంది. "అమ్మయ్య! ప్రాణం లేచొచ్చింది. నీ చేతి అన్నం తిని ఎన్నాళ్లయిందో అనిపించిందమ్మా లోవా" అంది.

"మరేనండి మామ్మగారూ" అన్నాడు శివరామకృష్ణ. "ఈ అప్పాజీ నిర్వాకానికి చివరికి పరాయివాళ్ల వంటింటి ముందు చేయి చాపాల్సొచ్చింది."

అప్పాజీ చారు వడ్డిస్తున్నాడు. వంచిన తల ఎత్తలేదు, చేతిలో గరిటె ఆగలేదు. పక్క కంచంలోకి చారు పోసి ముందుకి జరిగాడు.

"అప్పాజీ కాదు బాబూ" అంది లోవలక్ష్మి. గొంతు అంత పైకి వస్తుందని ఆవిడే అనుకోలేదు. "అతను సరిగ్గానే కుట్టాడు. నేనే విప్పి కుక్కరు తీసేసి గుండిగ పెట్టాను. గోడౌన్లో కుర్చీల వెనక ఉంటుంది, చూసుకోండి."

శివరామకృష్ణ కంచం మీంచి తలెత్తాడు.

"మీరా? ఎందుకండీ?"

"కుక్కరొస్తే నన్ను మానిపించేస్తారని భయమేసింది."

శివరామకృష్ణ కేకలేస్తాడనుకుంది. వెయ్యలేదు. "ఓ మాట నన్నడగొచ్చు కదండీ" అన్నాడు. తర్వాత, "అప్పాజీ, నిన్ను అనరాని మాటలన్నాను. ఏమీ అనుకోకు, వచ్చే ట్రిప్పుకి నువ్వుంటావ్" అన్నాడు. చివరికి ఆవిడ వైపు తిరక్కుండానే, "మీ సంగతి ఊరెళ్లాక చూద్దాంలెండి" అన్నాడు. ఆ చూద్దాం అంటే ఏమిటో లోవలక్ష్మికి తెలుసు. ఆవిడకి అల్లుడింట్లో మూల కళ్లముందు కనిపించింది. అయినా ఏడుపు రాలేదు. బాగా అలిసిపోయి ఉంది.

మిగతా అందరూ కొండ దిగారు. వంటింటి వెనక కొళాయి దగ్గర అప్పాజీ సన్యాసుల కుక్కర్ని తోముతున్నాడు. లోవలక్ష్మి వెళ్లి ఎదురుగా బండ మీద కూర్చుంది.

"నన్ను నాలుగు తిట్టరా తమ్ముడూ."

"ఎందుకులెండక్కా."

"నువ్వు చెయ్యని తప్పు నీ నెత్తినెందుకు వేసుకున్నావ్? పొరపాటైపోయిందని ఎందుకన్నావ్?"

"నేను అడ్డకుట్టు వేస్తానండి. ఆ మూతికి నిలువుకుట్టుంది" అన్నాడు అప్పాజీ. "నా కుట్టు నాకు తెలీదా? నేను టీకెళ్లినప్పుడు గోడౌన్లో ఉన్నది మీరొక్కరే."

కొళాయి నీళ్లు పడుతూనే ఉన్నాయి.

"మరి ఆ రోజే చెప్పలేదేంరా?"

అప్పాజీ తోమడం ఆపి, మొదటిసారి ఆవిడ మొహంలోకి చూశాడు.

"మీరు చెప్తారని చూశానక్కా" అన్నాడు. "మూడు రోజులు చూశాను."

అని మళ్లీ కుక్కరు మీదకి వంగి, అడుగంటిన మెతుకుల్ని గోటితో గీకడం మొదలుపెట్టాడు.