ఒక్కటేగా, తీసేయ్

"నీ కబుర్ల కొట్టుని ఎవరో కొనేశారటగా!" అన్నారు మా ఆయన, నేను మాడిన గిన్నె అడుగు గీకుతుండగా. పొద్దున్నే వార్తలు చూస్తూ టీ తాగడం ఆయన అలవాటు. తాగిన కప్పు తనంతట తానే నడుచుకుంటూ సింకులోకి వచ్చేస్తుందని ఇరవై రెండేళ్లుగా ఆయన నమ్మకం.

కబుర్ల కొట్టు అంటే ఫోనులో నేను తొమ్మిదేళ్లుగా రాసుకుంటున్న చోటు. కోట్లమంది వాడే పెద్ద వేదిక. అందులో ఒక మూల నాకో చిన్న పేజీ. నేను కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తాను. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, అక్షరాలు చదివించి, ఏ నంబరు అద్దాలు కావాలో తేల్చేది నేను. చివర్లో యజమాని తమ్ముడు వచ్చి, నేను రాసిపెట్టిన నంబరు పైకి చదువుతాడు. వాళ్లు అతనికి "థ్యాంక్స్ డాక్టర్‌గారూ" అని చెప్పి, నా వైపు తిరిగి "అమ్మాయ్, కాసిన్ని మంచినీళ్లిస్తావా?" అంటారు. ఇలాంటివే రాసేదాన్ని. ఒక్క పూట అన్నం తినడానికి ఎన్నిసార్లు లేచానో రాసేదాన్ని. అత్తగారు కూర నోట్లో పెట్టుకుని "ఉప్పు" అని ఆపేస్తే, ఎక్కువైందో తక్కువైందో అడగలేక వంటింటి గుమ్మంలో నిలబడిపోయిన సంగతి రాశాను. నా పేరు పెట్టేదాన్ని కాదు. మొదట పదిమంది చదివేవాళ్లు, తర్వాత వేలమంది అయ్యారు. "మా ఇంట్లో కెమెరా పెట్టావా అక్కా?" అని ఒకామె అడిగింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.

కొన్నాయన ప్రపంచంలోకెల్లా డబ్బున్న కొద్దిమందిలో ఒకడు. వచ్చీ రాగానే ప్రకటించాడు, ఇక్కడ ఇకమీదట ఎవరైనా ఏదైనా మాట్లాడొచ్చు, ఎవరి నోరూ నొక్కం అని. "ఇంకేం, నీకు పండగే" అన్నారు మా ఆయన. నేనూ అలాగే అనుకున్నాను. నోరు నొక్కనని ఒక మగవాడు చెప్పగా వినడం నాకదే మొదటిసారి మరి.

నెల తిరక్కుండానే ముక్కూ మొహం తెలియనివాళ్లు నా పేజీలోకి వచ్చిపడ్డారు. నన్నేం చేయాలో, ఎలా చేయాలో వివరంగా రాశారు. ఫిర్యాదు చేస్తే, "పరిశీలించాం, ఇందులో తప్పేమీ కనిపించలేదు" అని జవాబు. నాలాగే రాసేవాళ్లు ఒక్కొక్కరే మానేశారు. వాళ్లను ఎవరూ మానమనలేదు. భయపడి వాళ్లంతట వాళ్లే ఊరుకుంటే అది నోరు నొక్కడం కిందికి రాదు కాబోలు.

ఆ రోజుల్లోనే ఒకమ్మాయి కళ్లు మండుతున్నాయంటూ దుకాణానికి వచ్చింది. ఊరి చివర పెద్ద గోడౌనులో పార్సిళ్లకు చీటీలు అంటించే పని. మనసులో ఆమెకు పార్సిలు చెల్లి అని పేరు పెట్టుకున్నాను. కళ్లు చూసి, "బాగా ఎండిపోయాయమ్మా, నీళ్లు సరిగ్గా తాగుతున్నావా?" అన్నాను.

"డ్యూటీలో తాగనక్కా. తాగితే బాత్రూముకెళ్లాలి. వెళ్తే నా చేతిలో చీటీల మిషను ఆగిపోద్ది. అది ఆగితే పైన తెర మీద నా నంబరు ఎర్రగా వెలుగుద్ది. అందరూ నాకేసి చూస్తారు." బయట ఎండగా ఉందని చెప్పినంత మామూలుగా చెప్పింది. "మూడుసార్లు ఎర్రగా వెలిగిందంటే మర్నాడు రానక్కర్లేదంటారు."

గోడౌను ఎవరిదని అడిగాను. నోరు నొక్కనన్న ఆయనదే.

"ఈ సంగతి నేను రాయనా?"

"నా పేరూ నంబరూ లేకపోతే రాసుకో. ఎవరు చదువుతార్లే!"

రాశాను. తొమ్మిదేళ్లలో నేను రాసినవేవీ అంతమంది చదవలేదు. నాలుగోరోజు దుకాణంలో టీ తాగుతూ ఫోను తెరిస్తే నా పేజీ లేదు. నియమాలు ఉల్లంఘించానని ఒక్క వాక్యం ఉంది. ఏ నియమమో లేదు. రాసినవాటికి నా దగ్గర ఇంకో ప్రతి లేదు. బట్టలు సర్దుకోవడానికే నాకంటూ ఒక అర లేని ఇంట్లో, మాటలు దాచుకోవాలన్న ఊహ ఎక్కణ్నించి వస్తుంది?

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఆయన నవ్వేశారు. "ఆయన కొనుక్కున్నాడు, ఆయనిష్టం. నచ్చకపోతే నువ్వూ ఒకటి కొనుక్కో."

పెళ్లయిన కొత్తలో కిటికీ దగ్గర వెలుతురు బాగుందని కుర్చీ అటు జరిపితే, "ఇది నా ఇల్లు, నాకు నచ్చినట్టే ఉండాలి" అన్నారు. అప్పుడు ఆయన కోపంగా ఉన్నారు, ఇప్పుడు సరదాగా ఉన్నారు. మాట మాత్రం ఒకటే. నేను వంటింట్లోకి వెళ్లబోతున్నాను.

"అయితే ఫోను నువ్వు కొనిచ్చావు కాబట్టి, నా కోడలు రాసిందంతా నీదేనా ఏంట్రా?"

అన్నది మా అత్తగారు. మంచం మీద కూర్చుని దుప్పటి మడతపెడుతున్నారు, తలెత్తలేదు. మా ఆయన బిత్తరపోయి చూశారు. నేనూ అంతే. నేను రాస్తానని ఆవిడకు తెలుసని కూడా నాకు తెలియదు.

"రేపు నీకు సెలవేగా. టైలరమ్మ దగ్గరికెళ్దాం, నాతో రా" అన్నారు నాతో.

టైలరమ్మది మా వీధిలోనే ఒంటిగది దుకాణం. అత్తగారు రోజూ మధ్యాహ్నం ఏదో కుట్లు వేయించాలని అక్కడికి వెళ్లేవారు. ఇన్ని బట్టలు ఎలా చిరుగుతున్నాయా అని అనుకునేదాన్ని. టైలరమ్మ మిషను కింద నుంచి ఒక గుడ్డ సంచీ లాగి నా ఒళ్లో పెట్టింది. నిండా కాగితాలు. అన్నీ నేను రాసినవి, వేలెడంత అక్షరాల్లో.

"పెద్దమ్మగారికి ఫోనులో అక్షరాలు ఆనవు కదా. మొదట్లో నేనే చదివి వినిపించేదాన్ని. తర్వాత 'నేనే చదువుకుంటా, పెద్దగా ప్రింటు తీయించు' అన్నారు. ఆరేళ్ల నుంచి తీయిస్తున్నా. అది నువ్వేనని నాలుగోదాంట్లోనే పట్టేశారు."

నా చేతులు ఆ కాగితాల్లో ఉప్పు సంగతి కోసం వెతికాయి. దొరికింది. మిగతావాటికంటే ఎక్కువ నలిగి ఉంది, అంచులు మెత్తబడిపోయి.

"ఎక్కువైందనే అన్నానే ఆ రోజు. అడగొచ్చుగా?" అన్నారు అత్తగారు. మిషను చక్రాన్ని వేలితో ఒక చుట్టు తిప్పారు. "అడగనిచ్చేలా ఉండేదాన్ని కాదులే."

నా మాటల్ని నేను దాచుకోకపోతే, నేను ఎవరికి భయపడ్డానో ఆవిడే నన్ను దాచిపెట్టారు. తన మీద రాసినవాటితో సహా. ఆ గదిలో నాకొచ్చిన ఏడుపు దుఃఖం కాదు. ఇద్దరి చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

పేజీ పోయిన పదకొండోరోజున ఆ వేదిక నుంచి సందేశం వచ్చింది. ఆ గోడౌను సంగతి ఒక్కటీ తీసేస్తే నా పేజీ మొత్తం తిరిగిస్తారట. కింద ఒక బొత్తాం, 'తొలగించు' అని.

"ఒక్కటేగా, తీసేయ్" అన్నారు మా ఆయన. ఆయన చెడ్డవారు కాదు, నా మంచికే చెప్పారు. "అన్నీ తిరిగొస్తాయి కదా. ఎన్నిసార్లు సర్దుకుపోలేదు నువ్వు?"

నిజమే. కుర్చీ ఒక్కటేగా అనుకున్నాను. నంబరు యజమాని తమ్ముడు చదివితే ఏమైంది, ఒక్క నిమిషమేగా అనుకున్నాను. నా దగ్గర్నించి పోయినవన్నీ ఒక్కొక్కటిగానే పోయాయి. ఒకేసారి అన్నీ ఇచ్చేయమని నన్నెవరూ అడగలేదు, అడిగి ఉంటే ఇచ్చేదాన్ని కాదేమో.

ఆ మధ్యాహ్నం పార్సిలు చెల్లి నేను నంబరు రాసిన కళ్లజోడు తీసుకోవడానికి వచ్చింది. విషయం చెప్పాను.

"తీసెయ్యక్కా, నాకేం కాదు. ఒకసారి చూసుకున్నాగా" అంది. కొత్త అద్దాల్లోంచి కళ్లు పెద్దవిగా కనిపిస్తున్నాయి. "నువ్వు రాసిన మర్నాడు బస్సులో నా పక్కనామె అదే చదువుతోంది తెలుసా? నేనేనని చెప్పలేదు గానీ, దిగేదాకా ఆమె మొహమే చూస్తూ కూర్చున్నా."

ఫోను సంచీలో పడేశాను. ఆ బొత్తాం నొక్కలేదు. పేజీ తిరిగి రాలేదు. వేలమంది మళ్లీ దొరకలేదు.

శనివారం సాయంత్రం టైలరమ్మ తన గదిలో చదువుకుందాం రమ్మంది. "ఏం చదువుతారో మీ ఇష్టం, నన్నడగక్కర్లేదు. కుర్చీలే చాలవు, బట్టల మూటల మీద కూర్చోండి" అంది. ఆ నోటా ఈ నోటా విని పద్నాలుగు మంది వచ్చారు. పార్సిలు చెల్లి కూడా పని బట్టల్లోనే వచ్చి, తలుపు దగ్గర నిలబడింది. అత్తగారు సంచీలోంచి కాగితం తీసి నా చేతికిచ్చారు. గోడౌను సంగతి. తొమ్మిదేళ్లు రాశాను గానీ నా గొంతుతో ఎవరికీ చదివి వినిపించలేదు. మొదటి వాక్యం వణికింది, రెండోది నిలబడింది. మూడోది మొదలుపెట్టాను.

"ఆగక్కా."

అందరూ తలుపు వైపు తిరిగారు. పార్సిలు చెల్లి కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"అందులో ఉన్నది నేనే. మిగతాది నేను చెప్తా."

నేను కాగితం మడిచి, లేచి నా కుర్చీ ఆమెకిచ్చి, అత్తగారి పక్కన నేల మీద కూర్చున్నాను, వినడానికి.